ఎగువన ఉరిమినప్పుడు

వానలు మొదలవడానికి ముందు మా కోడలు నన్ను దేవుడి గదిలో సగం అడిగింది.

"సగమంటే నేల మీద కాదు మామయ్యా. దీపం పెట్టే అలమరలో కింది అర ఖాళీగానే ఉంది కదా, అది చాలు. ఇల్లంతా చూశాను. చెమ్మ ఎక్కని గోడ అదొక్కటే."

నిజమే. మాది కాలవ గట్టు వీధి. ముందు గదిలో నా పటాల దుకాణం, వెనక సంసారం. వానాకాలం వచ్చిందంటే కాలవ ఏదో ఒకరోజు గట్టు దాటి వీధిలోకి వస్తుంది. ఫ్రేములకు వాడే అట్టలు ఒకసారి తడిస్తే ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతాయి. చెక్క పట్టీలు వంకర తిరుగుతాయి. దేవుడి గది ఒక్కదాన్ని మాత్రం మా నాన్న మెట్టు ఎత్తుగా కట్టించాడు. నీళ్లు అక్కడిదాకా ఎప్పుడూ రాలేదు.

కోడలు ఈ ఊరి కాలేజీలోనే కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. అంతకు ముందటి వానల్లో దుకాణంలోకి నీళ్లొచ్చినప్పుడు నాతోపాటు అద్దాలు మోస్తూ అరచెయ్యి కోసుకుంది. కట్టు కట్టించుకుంటూ, "ఎగువ వంతెన కింద నీళ్లు ముందే పెరుగుతాయి కదా మామయ్యా. అంటే కాలవకి ముందే తెలుసు. మనకి చెప్పే దారి లేదంతే," అంది. నేను ఆ మాటను నొప్పి మరిచిపోవడానికి అన్న మాట అనుకున్నాను. ఆమె ఉద్యోగం మానేసి, ఆ కబురు చెప్పే పెట్టె ఒకటి తయారుచేసింది. ఆ అర అడిగింది దానికే.

రాబోయేది ముందే తెలుసుకోవాలనుకోవడం దేవుడి పనిలో వేలు పెట్టడమేమో అని నాకొక అనుమానం ఉండేది. ఆ సాయంత్రం దీపం దగ్గర కూర్చుని ఆయన్నే అడిగాను. ఎప్పట్లాగే ఏమీ అనలేదు. కాదనలేదు కాబట్టి ఔనన్నట్టే అని లెక్కేసుకున్నాను. మా ఇంట్లో చాలా పనులు అలా జరిగినవే.

మా ఆవిడ మాత్రం షరతులు పెట్టింది. "స్నానం చెయ్యకుండా ఆ డబ్బా ముట్టుకోకూడదు. చెప్పులతో లోపలికి రాకూడదు. దీపం ముందు ఆ వైర్లు వేలాడకూడదు."

"సరే అత్తయ్యా," అంది కోడలు. దేనికీ ఎదురు చెప్పలేదు.

అలా మా ఇంట్లో పైన నూనె దీపం, కింద పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలగడం మొదలైంది. వంతెన కింద ఒక గొట్టంలో తేలే బెండు పెట్టింది. నీళ్లు పెరిగితే బెండు పైకి లేస్తుంది. ఆ కబురు మా దేవుడి గదిలోని పెట్టెకు చేరితే, పెట్టె వీధిలో అందరికీ ఫోన్ చేస్తుంది. దుకాణానికొకటి చొప్పున చిన్న డబ్బాలు కూడా ఇచ్చింది. ఫోన్ వినపడకపోయినా ఆ డబ్బా కూత పెడుతుందన్నమాట.

మా అబ్బాయి బస్సు డిపోలో మెకానిక్. సెలవు రోజున నిచ్చెన పట్టుకుని పెళ్లాం వెనకాల వీధంతా తిరిగాడు. ఎదురింటి టైలర్ మిషన్ ఆపి చూశాడు.

"ఏరా అబ్బాయ్, బస్సులు బాగుచేసేవాడివి కాలవలు బాగుచేస్తున్నావా?"

"నాది నిచ్చెన ఒక్కటే బాబాయ్. కాలవ ఆవిడ చూసుకుంటుంది."

పక్క దుకాణం ప్రెస్సాయన తన డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. శుభలేఖలు, కరపత్రాలు అచ్చేస్తాడు. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. "ఇలాంటివి పెద్ద పెద్ద నగరాల్లో చేస్తారమ్మా. మన కాలవ గట్టు మీద ఎక్కడ కుదురుతుంది?" అన్నాడు.

"అక్కడ మన కాలవ లేదు కదండీ," అంది కోడలు, స్క్రూ బిగిస్తూ.

వీధికి ఎవరు పూచీ అంటే నేనున్నానన్నాను. నా కోడలు చేసిందంటే పనిచేస్తుంది, చూడండి అన్నాను. ఆ మాట కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.

మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. కోడలు, అబ్బాయి వంతెన దగ్గర బెండు చూడ్డానికి వెళ్లారు. ఆకాశం నల్లగా కమ్ముకొచ్చి, ఇంటి మీదే పడినట్టు ఒక ఉరుము ఉరిమింది.

మా ఆవిడ గురించి ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆమె చిన్నప్పుడు వాళ్లింట్లో పిడుగుపాటుకు రేడియో పేలిపోయింది. అప్పటినుంచి ఉరుము చెవిన పడితే చాలు, చేతిలో ఏమున్నా దించేసి ఇంట్లో ఒక చుట్టు చుడుతుంది. ఫ్రిజ్జు, మిక్సీ, ఫ్యాను, టీవీ, ఒక్కోదాని ప్లగ్గు లాగి వైరు చుట్టి పెడుతుంది. పక్కింటివాళ్లు ఊళ్లో లేకపోతే వెళ్లి వాళ్ల మెయిన్ కూడా ఆపి వస్తుంది. మా వీధిలో ఆడవాళ్లందరూ ఇంచుమించు ఇదే చేస్తారు. అది మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. అందుకే ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

వాన కొంచెం నెమ్మదించాక కోడలు నిలువునా తడిసి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మామయ్యా, బెండు ఎంత చక్కగా లేచిందో! ఫోన్ వచ్చిందా అందరికీ?"

ఫోన్ ఎవరికీ రాలేదు. ఆమె వెనకాలే నీళ్లు గడప ఎక్కుతున్నాయి.

దేవుడి గదిలోకి పరుగెత్తింది. వెనక నేనూ వెళ్లాను. పెట్టె మీద ఆకుపచ్చ దీపం లేదు. ప్లగ్గు తీసి, వైరు పొందిగ్గా చుట్టి మేకుకు తగిలించి ఉంది. కరెంటు పోతే ఉంటుందని కోడలు పక్కన పెట్టుకున్న బ్యాటరీ వైరు కూడా పీకి, దాన్నీ అంతే పొందిగ్గా చుట్టి అదే మేకుకు తగిలించి ఉంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. "ఉరిమింది కదమ్మా," అంది.

"బ్యాటరీ కూడానా అత్తయ్యా?"

"అదీ కరెంటే కదా."

కోడలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని దుకాణంలోకి వచ్చి నాతో అట్టలు మోసింది. సగం అప్పటికే తడిశాయి.

మర్నాడు వీధంతా ఎండబెట్టుకునే పనిలో ఉంది. టైలర్ తడిసిన గుడ్డలు దండెం మీద వేస్తూ, "అన్నయ్యా, మీ కోడలి పెట్టె నాకు ఫోన్ చేసిందా? నాదే ఎంగేజ్ వచ్చిందా?" అన్నాడు. ప్రెస్సాయన నవ్వలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆయన కాగితాల రీములు అడుగుదాకా నానిపోయాయి. మా డబ్బాను గోడ నుంచి ఊడదీసి, ఎండలో ఆరేసిన కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టుకున్నాడు. దానికి అదే సరైన పని అన్నట్టు.

మా ఆవిడ పొద్దుటినుంచి ముద్ద ముట్టలేదు. కోడలు వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, లేవండి. ఇప్పుడు మళ్లీ ఉరిమిందనుకోండి. నిన్న ఏ వరసలో తీశారో అలా తీసుకుంటూ వెళ్లండి. నేను వెనకాల వస్తాను."

"ఎందుకే తల్లీ, దెప్పడానికా?"

"అయ్యో, కాదు. చూడ్డానికి."

మా ఆవిడ అనుమానంగానే లేచింది. ముందు వంటగది, తర్వాత హాలు, చివరికి దేవుడి గది. కోడలు వెనకే నడుస్తూ అడుగుతోంది. ముందు ఇదే ఎందుకు? స్విచ్ ఆపితే సరిపోదా? ఉరుము ఎంత దగ్గర్లో వినపడితే మొదలుపెడతారు?

"ఎంత దూరమని కొలుస్తామటే? గుండెల్లో దడ పుడితే తీస్తాం."

"ఇంకా ఎవరెవరు తీస్తారు?"

"తియ్యనిదెవరూ? ఎగువపేటలో మా చెల్లెలైతే టీవీ ప్లగ్గు తీసి, చలేస్తుందన్నట్టు దానికి దుప్పటి కూడా కప్పుతుంది."

కోడలు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, గోడకున్న ప్లగ్గు వైపు చాలాసేపు చూసింది.

ఆ వారంలోనే నగరం నుంచి ఒకాయన వచ్చాడు. కోడలి పని గురించి ఎక్కడో చదివాడట. వయసులో చిన్నవాడు, మంచివాడు, మర్యాదస్తుడు. తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. మా వీధిలోకి దిగేసరికి అవి ఏ రంగో చెప్పడం కష్టమైంది. నా దుకాణంలో ఫ్రేముల మధ్య స్టూలు మీద కూర్చుని అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఐడియా బాగుంది మేడమ్. కానీ ఇక్కడ్నుంచి ఎలా చేస్తారు? ఒక భాగం కావాలంటే వారం ఆగాలి. పనిచేసే మనుషులు దొరకరు. మా దగ్గరికి వచ్చెయ్యండి. ఆఫీసు ఇస్తాం, మనుషుల్ని ఇస్తాం, జీతం ఇస్తాం. వానాకాలం అయ్యేలోగా చెప్పండి చాలు."

మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "బాబూ, మీ ఆఫీసులో ఉరిమితే ప్లగ్గులు ఎవరు తీస్తారు?"

అతను నవ్వాడు. "ఎవరూ తియ్యరమ్మా. అసలు ఉరుము వినపడితే కదా! అన్నీ మందపాటి అద్దాలు."

కోడలు చేతిలో పెన్ను ఆగింది. అతన్ని బస్సు దాకా సాగనంపి వచ్చి, నేను అద్దం కోసే బల్లకు ఆనుకుని నిలబడింది.

"మామయ్యా, ఈ వానల్లోనే తేలిపోవాలి. మళ్లీ నీళ్లొచ్చేసరికి ఈ వీధి నా ఫోన్ నమ్మి సామాన్లు ఎత్తిందా, ఇక్కడే ఉంటాం. ఎత్తలేదా, అక్కడికి వెళ్లిపోతాం. నమ్మని వీధిలో కూర్చుని ఎవరికి చెప్పుకోను?"

"వాడేమన్నాడు?" అన్నాను, మా అబ్బాయి గురించి.

"బస్సులు అక్కడా చెడిపోతాయన్నారు."

వీడికి మాటలు ఎప్పుడూ తక్కువే. ఇల్లు ఖాళీ అవుతుందేమోనన్న భయం నాకు ఉంది. అయినా దేవుడి దగ్గర ఆమె ఉండిపోవాలని కోరుకోలేకపోయాను. పెట్టె పనిచెయ్యాలని మాత్రం కోరుకున్నాను. రెండూ ఒకటేనని ఆయనకు తెలియదా?

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ముందు, పెట్టె, డబ్బాల లోపలే బ్యాటరీ అమర్చింది. ఎవరు ఏ ప్లగ్గు పీకినా అది మేలుకునే ఉంటుంది. "తియ్యకండి అని బోర్డు రాసి పెడదాం," అని అబ్బాయి అంటే, "ఇంతమంది పుట్టినప్పటినుంచి తీస్తున్నారు. వాళ్లు మారాలా, నా డబ్బా మారాలా?" అంది.

అంతటితో ఆగలేదు. మా వీధి మీద చుక్క పడకపోయినా ఎగువన కురిసిన వానకు కాలవ పొంగుతుంది. బెండు లేచాక చెబితే సామాన్లు ఎత్తడానికి వ్యవధి చాలదు. ఇంకా ముందు తెలియాలి. ఎగువపేటలో ఇంటింటికీ ఒక డబ్బా పెడితే, వాళ్లు ఉరుముకు ప్లగ్గులు తీసినప్పుడు ఆ కబురు మన పెట్టెకు వస్తుంది. అక్కడ పెద్ద వాన పట్టిందని తెలిసిపోతుంది. ఆ వెంటనే బెండు నీళ్లను క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటుంది. వేలెడంత పెరిగినా కబురు పంపుతుంది.

అబ్బాయి తల గోక్కున్నాడు. "ఊరికే కరెంటు పోతే? అప్పుడూ వాన అనుకుంటుంది కదా?"

"కరెంటు పోతే ఇళ్లన్నీ ఒక్కసారే పోతాయి. చేత్తో తీస్తే ఒకరి తర్వాత ఒకరు తీస్తారు. మీ పిన్ని దుప్పటి వెతుక్కునేసరికి పక్కావిడ తీసేసి ఉంటుంది. తేడా తెలిసిపోతుంది," అంది.

ఎగువపేట అంతా కోడలు కాళ్లరిగేలా తిరిగింది. మా ఆవిడ పక్కనే ఉంది. ఆమె లేకపోతే సగం తలుపులు తెరుచుకునేవి కావు. "ఏం లేదు వదినా, మీరు రోజూ చేసేదే చెయ్యండి. ఉరిమితే దీని ప్లగ్గు తీసెయ్యండి, అంతే," అని చెప్పేది. తియ్యమని బతిమాలి మరీ ఇచ్చే యంత్రాన్ని వాళ్లు ముందెన్నడూ చూసి ఉండరు.

ఫోన్‌లో గొంతు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. కోడలు మెత్తగా, మర్యాదగా రికార్డు చేసిన మాట వినగానే టైలర్ కట్ చేసేశాడు. "లోన్ ఇస్తామని రోజూ ఇలాగే మాట్లాడతారమ్మా," అన్నాడు. అప్పుడు కోడలు మా ఆవిడ గొంతు పెట్టింది. ఆమెకు తెలియకుండా కాదు, ఎదురుగా కూర్చోబెట్టే. "మీకు నిజంగా కోపమొస్తే ఎలా చెబుతారో అలా చెప్పండి అత్తయ్యా," అంది కోడలు. మా ఆవిడ ఒకసారి నా వైపు చూసి, ఏ ఇబ్బందీ లేకుండా చెప్పేసింది:

"ఇదిగో, నీళ్లొస్తున్నాయి. చేతిలో పని పక్కన పడేసి సామాన్లు పైకెత్తండి. మళ్లీ చెప్పను."

పెట్టె దాన్ని ఆపకుండా మళ్లీ మళ్లీ చెప్పేది.

ఆ రోజు ఎండ చురచురలాడుతోంది. నేను ఒక స్కూలు వాళ్ల గ్రూప్ ఫోటోకు అద్దం కోస్తున్నాను. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని నా చొక్కాకు గుండీ కుడుతోంది. కోడలు ఎగువపేటలో ఉంది. నా ఫోన్ మోగింది. ఎత్తితే మా ఆవిడ. ఎదురుగా మా ఆవిడ నోట్లో దారం కొరుకుతోంది, చెవిలో మా ఆవిడ సామాన్లు ఎత్తమంటోంది. గోడ మీద డబ్బా కూత పెట్టింది.

బయటికి వచ్చి చూశాను. ఆకాశంలో మేఘం ముక్క లేదు. కాలవ ఎప్పట్లాగే రేవు మెట్లకు కింద, బద్ధకంగా పారుతోంది. ప్రెస్సాయన ఫోన్ పట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, మీ ఆవిడ నన్ను తిడుతోంది. ఇంత ఎండలో నీళ్లట!"

టైలర్ కూడా బయటికి వచ్చాడు. అటుపక్క ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందరూ కాలవను చూశారు, ఆకాశాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. పూచీ పడ్డది నేను కదా.

కనిపించనిదాన్ని నమ్మడం నాకు కొత్త కాదు. పొద్దున్నే ఆ పని చేసుకునే దుకాణం తెరుస్తాను. కానీ గది తలుపు దగ్గరగా వేసుకుని నమ్మడం వేరు, ఎండలో, నడివీధిలో, నలుగురి నవ్వుల మధ్య నమ్మడం వేరు. ఇది నాకు ఆ రోజే తెలిసింది.

లోపలికి వెళ్లి అద్దాల కట్ట ఒక కొస పట్టుకున్నాను. ఒక్కడి వల్ల అయ్యే బరువు కాదు. మా ఆవిడ సూది చొక్కాకు గుచ్చి లేచి వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం అటక మీదికి ఎక్కించాం. తర్వాత అట్టలు. తర్వాత చెక్క పట్టీలు. బయట ఎవరో, "ఎండకి పెద్దాయనకి ఏదో అయింది," అన్నారు. నవ్వులు వినపడ్డాయి.

కాసేపటికి టైలర్ మిషన్ ఆగిపోయింది. "ఏం చేస్తాం! వదిన ఊరికే అరవదు," అంటూ మిషన్‌ని బల్ల మీదికి ఎత్తుతున్నాడు. అటు పక్కన ఇంకెవరో మంచం ఎత్తారు. ప్రెస్సాయన మాత్రం చేతులు కట్టుకుని కాలవ వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను పట్టీల కట్ట భుజాన వేసుకుని చూస్తుండగా ఆయన చేతులు విప్పాడు. కాలవ రంగు మారింది. ఎర్రమట్టి నీళ్లు. వాటి మీద పచ్చి ఆకులు, అప్పుడే విరిగిన రెమ్మలు.

"పట్టండి, పట్టండి!" అంటూ ఆయన లోపలికి పరుగెత్తాడు. నేను, టైలర్ వెళ్లి రీములు ఎత్తించాం.

నీళ్లు వచ్చాయి. మెరిసే ఎండలో వీధిలోకి వచ్చి, దుకాణాల్లో తిరిగి, చేతికి ఏమీ దొరకనట్టు సాయంత్రానికి వెళ్లిపోయాయి.

నీళ్లు ఇంకా వీధిలో ఉండగానే కోడలు అడుగులు తడుముకుంటూ నడిచి వచ్చింది. సంతోషంతో ఏడుస్తుందేమో అనుకున్నాను. నేరుగా ప్రెస్సాయన దగ్గరికి వెళ్లి, "బాబాయ్‌గారూ, ఫోన్ వచ్చాక ఎంతసేపటికి ఎత్తడం మొదలుపెట్టారు? ఏమేం ఎత్తలేకపోయారు?" అని అడిగింది.

ఆయన కొంచెం తడబడ్డాడు. "ఆలస్యంగానే మొదలుపెట్టానమ్మా. ఒక కట్ట పోయింది. అది నీ తప్పు కాదు." తర్వాత కాగితాల మీదున్న డబ్బా తీసి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. "దీన్ని మళ్లీ గోడకి బిగిస్తావా? బరువుకి ఇటుక పెట్టుకుంటాలే."

నా పక్కన మా ఆవిడ కళ్లు ఒత్తుకుంది. దుమ్ము పడిందంది. అంత నీళ్లలో దుమ్మెక్కడిదని నేను అడగలేదు.

వానలు తగ్గుముఖం పడుతుండగా తెల్ల బూట్ల అబ్బాయి ఫోన్ చేశాడు. కోడలు నా బల్ల దగ్గరే నిలబడి మాట్లాడింది. "నేను రానండి. మీరే మీ మనుషుల్ని ఇక్కడికి పంపండి, నేర్పిస్తాను. ఇక్కడ ఉరుము వినపడుతుంది." ఒక క్షణం ఆగి, "బూట్లు వద్దని చెప్పండి," అంది.

తర్వాత నా వైపు తిరిగి, "మామయ్యా, ఈ బల్లలో సగం..." అంటూ నసిగింది.

దేవుడి గదిలో సగంతో మొదలైంది. అడిగేవాళ్లకు సగం ఇస్తే ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. గాజు కట్టర్, స్కేలు ఒక పక్కకు జరిపాను. ఇప్పుడు ఆ బల్లకు అటువైపు కోడలి కాలేజీలో చదివిన ఇద్దరు అమ్మాయిలు డబ్బాలు బిగిస్తూ కూర్చుంటారు. నా అద్దాలు కోసే చప్పుడుకు పళ్లు జివ్వుమంటున్నాయని ఫిర్యాదు చేస్తుంటారు.

ఆ కాలానికి అది చివరి వాన అనుకుంటాను. సాయంత్రం దీపం వెలిగించి కూర్చున్నాను. ఇన్ని కబుర్లు ముందే తెలిసినవాడివి, మా ఇంటావిడ భయంలో ఇంత పనికొచ్చే సంగతి దాచి, ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడుగుతున్నాను. ఇంతలో ఉరిమింది.

మా ఆవిడ చుట్టు మొదలుపెట్టింది. వంటగది అయింది, హాలు అయింది. దేవుడి గదిలోకి వచ్చి పెట్టె ముందు వంగి, ప్లగ్గు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. అంత ఉరుము ఉరుముతుంటే ఆమె ఆగడం నేను అదే మొదటిసారి చూడటం.

"అమ్మాయ్, దీన్ని తియ్యనా?"

దుకాణంలోంచి కోడలి గొంతు వచ్చింది. "తియ్యండి అత్తయ్యా! మీరు తీస్తేనే కదా దానికి తెలిసేది!"

మా ఆవిడ ప్లగ్గు లాగింది. వైరు పొందిగ్గా చుట్టి మేకుకు తగిలించింది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం పసుపు రంగుకు మారింది. ఆరిపోలేదు.